వేసవి కోటు కథ



వైశాఖ జ్యేష్ఠములు మన యిండ్లలో పెండ్లిండ్ల మాసములు. పంట ఇల్లు చేరియుండును; పిల్లలకు బడులు ఉండవు; బంధువులకు తీరిక దొరకును. అయితే రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పునదియు ఆ దినములను గూర్చియే. సరిగా ఆ దినములలోనే మన పెండ్లికుమారునకు చలిదేశపు వేషమైన సూటు తొడుగుట నేడు ఆచారమైనది.

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరీతీరమున నొక గ్రామమునకు వివాహము చూడబోయితిని. తాళి కట్టునపుడు నూలు మధుపర్కములు ధరించిన వరుడు హోమగుండము ముందు కూర్చుండియు హాయిగానే ఉండెను. సాయంకాలము విందుసభలో అతనికి మెఱయుచున్న నల్లని సూటు తొడిగి, పెద్ద దీపముల నడుమ నిలువబెట్టిరి. ముప్పావుగంట గడచునప్పటికి అతని మొగము పాలిపోయెను. కన్నులు తిరిగి కుర్చీలో ఒరిగెను. కోటు విప్పి, తడిగుడ్డతో ఒడలు తుడిచి, విసనకఱ్ఱలతో విసరగా కొంతసేపటికి తేరుకొనెను. అప్పుడు వరుని తాతగారు నా చేయి పట్టుకొని, "బట్ట తేలికయే గదయ్యా! అంగడిలో ఒక్క వ్రేలితో ఎత్తి చూచి మరీ కొంటిని. ఇట్లేల అయ్యెను?" అని అడిగిరి. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న జవాబు. జవాబు చెప్పుటకు ముందు కోటు కథ కొంత చెప్పవలెను.

సూటునకు పుట్టినిల్లు ఇంగ్లండు. 1666వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆ దేశపు రాజు రెండవ చార్లెసు, తాను ఇకమీదట పొడుగైన లోచొక్కాయ, దానిపై కోటు ధరింతునని సభలో ప్రకటించెను. ఆ వేషమే క్రమముగా మాఱి, కోటు, లోకోటు, పంట్లాము అను మూడింటి కూడికగా స్థిరపడెను. ఆ దేశమునకు ఉన్ని ప్రాణము. గొఱ్ఱెలు, నేతవారు, వర్తకులు, రాజునకు వచ్చు పన్నులు, అన్నియు ఉన్నితో ముడివడియుండెను. అదే 1666లో పుట్టి 1678లో మఱింత కఠినమైన యొక చట్టము ప్రకారము, చనిపోయినవారిని సైతము ఉన్నిబట్టలోనే చుట్టి పాతిపెట్టవలెను. మృతులకే తప్పనిది బ్రదికియున్నవారికి తప్పునా? కాబట్టి సూటు ఉన్నితో పుట్టెను, మంచుకును వానకును తగినట్లు పెరిగెను.

ఆ కాలముననే మన నూలుబట్ట ఆ దేశమును ముంచివేయుచుండెను. మచిలీపట్టణపు అద్దకము చీటీలును, బంగాళదేశపు సన్నని మల్లులును, కోరమండల తీరపు తెల్లబట్టలును లండను నగరమున స్త్రీలకును పురుషులకును ప్రీతిపాత్రములయ్యెను. ఉన్నినేతవారు మొఱపెట్టిరి. 1700లో ఇంగ్లండు పార్లమెంటు రంగుల అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించెను. 1721లో అట్టి నూలుబట్టలను ధరించుటయే నేరమని మఱియొక చట్టము చేసెను. 1774 వఱకు ఆ నిర్బంధము సాగెను. చల్లని బట్ట కావలెనని జనులు కోరుట క్రొత్త కాదు. దానిని చట్టముతో ఆపుటయు క్రొత్త కాదు.

ఇచట మన సొంత ఊరి పేరొకటి చెప్పవలసియున్నది. నరసాపురము ప్రక్కన మాధవాయపాలెము కలదు. ఈస్టిండియా కంపెనీవారికి గోదావరి పాయల నడుమ మూడు వర్తకస్థానములు ఉండెను; అవి ఇంజరము, బెండమూర్లంక, మాధవాయపాలెము. ఈ మూడింటిలో మాధవాయపాలెము ముఖ్యమైనది. 1833 వఱకు అచట కంపెనీ వర్తకము సాగెను. ఆ చుట్టుపట్ల సాలెవారు నేసిన తెల్లని మెత్తని బట్టను తెల్లవారు తమ నాలుక తిరిగినట్లు "మదపొల్లం" అని పిలిచిరి. అది మల్లుకంటె గట్టిది, ముతకబట్టకంటె సన్ననిది. తరువాత ఏమి జరిగినదనగా, ఇంగ్లండులోని మరమగ్గములు అదే తీరు బట్టను అదే పేరుతో నేసి, ఓడలమీద మన రేవులకే పంపి అమ్మెను. మనయూరి పేరు పెట్టుకొని పరదేశపు బట్ట మనయూరి సాలెవాని గుమ్మము ముందు నిలిచెను. ఆ పేరు నేటికిని ప్రపంచపు బట్టలవర్తకుల పదములలో నిలిచియున్నది. నేసిన చేతుల పేరు ఒక్కటియు నిలువలేదు. వేసవి కోటు కథలో ఈ అన్యాయము మఱువదగినది కాదు.

ఇక మన దేశమునకు వచ్చిన ఇంగ్లీషువారేమి ధరించిరి? పదునెనిమిదవ శతాబ్దమున వారు ఇంటియొద్ద తెల్లని మల్లుచొక్కాయలును, వదులైన పైజామాలును తొడుగుకొని మనవలెనే సుఖముగా ఉండెడివారు. దొరతనము ముదిరినకొలది ఆ సుఖము వారికి పరువుతక్కువగా తోచెను. 1830లో కంపెనీ ఉద్యోగులు ప్రభుత్వపు పనులయందు హిందూదేశపు దుస్తులు ధరింపరాదని ఉత్తరువు పుట్టెను. అప్పటినుండి జ్యేష్ఠమాసపు ఎండలోను ఉన్నికోటు కచ్చేరీకి వచ్చెను. వైద్యులు సైతము దీనికి వత్తాసు పలికిరి. ఉష్ణదేశములందు ఒంటికి ఉన్నిబట్ట తగిలియుండుట మేలనియు, కడుపునకు ఉన్నిపట్టీ కట్టినచో కలరా రాదనియు, వెన్నెముకకు ఎండ తగిలిన ప్రమాదమనియు నమ్మి, వీపునకు మెత్తలు కుట్టించి ఇచ్చిరి. కలరా నీటివలన వచ్చునుగాని కడుపునకు గాలి తగులుటవలన రాదని తరువాత తేలినది. ఆ కాలపు వేషమంతటిలోను నిజముగా చల్లనిది జీలుగుబెండుతో చేసిన టోపీ ఒక్కటే. అది మన చెఱువులలో పెరుగు మొక్క.

అయినను శరీరము ఎంతకాలము ఓర్చును? దొరలు మెల్లగా తెల్లని నూలు డ్రిల్లుబట్టకు దిగిరి. 1846లో పెషావరు ప్రాంతమున లమ్స్‌డెన్ అను సైనికోద్యోగి క్రొత్తదళమును కూర్చి, ఎఱ్ఱని బిగుతుకోట్లకు మారు మట్టిరంగు వదులుబట్టలు ఇచ్చెను. ధూళికి "ఖాక్" అని పేరు. దానినుండి "ఖాకీ" వచ్చెను. తెల్లని డ్రిల్లును, ఖాకీయును ఎండకు ఉన్నికంటె మేలే. కాని దళసరి డ్రిల్లునకు గంజి దట్టించి ఇస్త్రీ చేయగా, నేతలోని సందులు మూసికొని అట్టవలె నిలుచును. చూచుటకు ఠీవి, తొడిగినవానికి ఉక్క. ఈ సంగతి మనసునందుంచుకొనుడు. మన జవాబు ఇచటనే మొలకెత్తుచున్నది.

ఇప్పుడు సముద్రములు దాటి అమెరికాకు పోవుదము. ఆ దేశపు దక్షిణమున మిసిసిపీ నది యొడ్డున న్యూ ఆర్లియన్సు అను నగరము కలదు. అచటి వేసవి మన కాకినాడ వేసవివంటిది. ఎండకంటె ఉక్క ఎక్కువ. 1909లో ఆ నగరమున హాస్పెల్ అను కుట్టుపని వర్తకుడు, ముడుతలు ముడుతలుగా ఉండు ఒక నూలుబట్టతో పురుషులకు సూట్లు కుట్టించి అమ్మసాగెను. ఆ బట్టకు "సీర్సక్కరు" అని పేరు. ఈ మాట ఇంగ్లీషు కాదు. పారసీకపు "షీర్ ఓ షకర్", అనగా పాలును పంచదారయును. పాలవలె నునుపైన చార ఒకటి, పంచదారవలె గరుకైన చార ఒకటి, ఒకదానిప్రక్క నొకటి ఉండుటవలన ఆ పేరు కలిగెను. కంపెనీ ఓడలు ఈ జాతి బట్టను బంగాళమునుండియే సీమకు చేరవేసెను.

దాని నేతలోని యుక్తి మగ్గము తెలిసినవారికి వెంటనే బోధపడును. పడుగులో కొన్ని పోగులను బిగించి, ప్రక్క పోగులను వదులుగా ఉంచి నేయుదురు. వదులు పోగులు ముడుచుకొని బుడిపెలుగా లేచును. ఆ బుడిపెలు మాత్రమే ఒంటికి తాకును. తక్కిన బట్ట ఎడముగా నిలిచి, నడుమ గాలి ఆడును. ముందే ముడుతలుండుటచే ఇస్త్రీ అక్కరలేదు. ఆ వర్తకుడు తన సూటుతోనే సముద్రములో మెడలోతు దిగి, బయటికి వచ్చి ఆరవేసి, ఆ సాయంకాలమే దానిని తొడిగి విందునకు పోయెనని ఒక కథ చెప్పుకొందురు. ఆదిలో ఇది చవుకబట్టయని ధనవంతులు చిన్నచూపు చూచిరి. కూలివారును, రైలు ఇంజను నడుపువారును దానిని ధరించిరి. పిదప కళాశాల విద్యార్థులు తొడిగిరి. అటుపిమ్మట పెద్దమనుషులు తొడిగిరి. 1996 మొదలు ఆ దేశపు సెనేటు సభలో జూన్ నెలయందొక గురువారమున సభ్యులు సీర్సక్కరు సూట్లతో వచ్చు వేడుక ఏర్పడెను. 2012లో ఆగి, 2014లో మరల మొదలయ్యెను. బంగాళపు మగ్గముపై పుట్టినది, కూలివాని వీపు నెక్కి, శాసనసభకు చేరినది.

ఇంగ్లండులోని ఉన్నినేతవారును ఊరకుండలేదు. పూర్వము సూటుబట్ట గజము 18 ఔన్సులు తూగుట సామాన్యము. మూడున్నర గజములు పట్టు సూటునకు బట్ట తూకమే ఇంచుమించు 1,800 గ్రాములు. ఇరువదవ శతాబ్దారంభమున యార్కుషైరు నేతగాండ్రు నూలునకు గట్టిగా పురి ఎక్కించి, సాదానేతతో పలుచగా నేయుట నేర్చిరి. గట్టి పురి గల పోగు సన్నగా, గుండ్రముగా ఉండి ప్రక్కపోగునకు అంటుకొనదు. సందులగుండ గాలి పాఱును. ఇట్టి బట్ట గజము 8 ఔన్సులే ఉండవచ్చును. సూటు మొత్తమునకు 800 గ్రాములు. అమెరికాలో నూలుపడుగునకు అంగోరా మేక వెండ్రుకల పేక కలిపి మఱియొక వేసవిబట్ట నేసిరి. కావున ఉన్ని యన్నంతమాత్రమున వేడి యని త్రోసివేయరాదు. కంబళియు ఉన్నియే, ఈ బట్టయు ఉన్నియే. భేదము నేతలో ఉన్నది.

వీటన్నిటికంటె ప్రాచీనమైన వేసవిబట్ట మఱియొకటి కలదు. అది అవిసెనార బట్ట, ఇంగ్లీషున లినెను. మన సంస్కృత గ్రంథములలో క్షౌమమని పేరుపొందినది ఇదియే. అది చెమటను త్వరగా పీల్చును, త్వరగా ఆరును, ఒంటికి అంటుకొనక నిలుచును. దాని దోషమొక్కటే, కూర్చుండి లేచునప్పటికి ముడుతలు పడును. అయితే ఆ ముడుతలు దోషము కాదనియు, వేసవిలో మర్యాదకు లోపము కాదనియు ప్రపంచము ఎన్నడో అంగీకరించినది. మన యొద్దనే శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి వడికి నేసిన ఖద్దరు కలదు. సన్నని నూలుబట్ట గౌరవమునకు లోటని ఎవరైన అన్నచో, ఆ ఖద్దరు పంచెను చూపిన చాలును.

ఇప్పుడు ఆ తాతగారి ప్రశ్నకు వత్తును. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అను ఇద్దరు రసాయనికులు పాలియెస్టరు అను కృత్రిమపు పోగునకు హక్కుపత్రము పొందిరి. మనము టెర్లిన్ అనియు, టెరికాటన్ అనియు పిలిచినవి దాని సంతతియే. అది చవుక, మన్నిక, నలగదు, మెఱయును. పెండ్లిసూట్లలో నేడు చవుకగా దొరకునది చాలవఱకు ఇదియే. కాని మామూలు గాలిలో ఆరబెట్టిన నూరు పాళ్ల ఉన్ని పదునారు పాళ్ల తేమను తనలో దాచుకొనగలదు. అవిసెనార పండ్రెండు పాళ్లు. ప్రత్తి ఎనిమిదిన్నర పాళ్లు. పాలియెస్టరు అర పాలైనను దాచుకొనదు. మన శరీరము చల్లబడునది చెమట ఆరుటచేత. చెమటను పీల్చని బట్టను దట్టముగా నేసి, లోపల అదే జాతి అస్తరు వేసి కుట్టినచో, చెమట పోవుటకు త్రోవ ఉండదు. ఆ వరుడు తొడిగినది కోటు కాదు, మూతపెట్టిన కుండ. అయ్యా తాతగారూ, మీరు బట్టను తూచితిరి, గాలిని తూచలేదు. తప్పు మీది కాదు, అంగడివాడు తూకమే చూపెను.

ఇకముందు ఎవరును అట్లు మోసపోకుండుటకు, చదువునకంటె చేతులకును కన్నులకును పని చెప్పు కొన్ని పరీక్షలు చెప్పుదును.

మొదటిది, బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టుడు. సూదిమొనలవంటి వెలుగుచుక్కలు కనబడినచో నేత విడిగా ఉన్నదని అర్థము. రెండవది, బట్టను నోటికి ఆనించి ఊదుడు. ఆవలిప్రక్క అరచేతికి ఊపిరి తగులవలెను. మూడవది, పిడికిట పట్టి నలిపి విడువుడు. మంచి ఉన్ని మరల విచ్చుకొనును, అవిసెనార ముడుతపడును, రెండును మంచివే. నాల్గవది, అంచునుండి ఒక పోగు లాగి, జాగ్రత్తతో నిప్పు ముట్టించుడు. ఉన్ని వెండ్రుక కాలిన వాసన కొట్టి పొడియగును. ప్రత్తియు అవిసెనారయు కాగితము కాలిన వాసన కొట్టును. పాలియెస్టరు కరిగి గట్టి పూస కట్టును. అంగడివాడు ఏ పేరు చెప్పినను ఈ పూస అబద్ధమాడదు.

అయిదవది, కోటును తిరుగవేసి లోపల చూడుడు. పైబట్ట ఎంత మంచిదైనను, నిలువెల్ల నునుపైన దట్టపు అస్తరు వేసినచో సుఖము సున్న. భుజములకును చేతులకును మాత్రము అస్తరు వేసి, వీపును విడిచిపెట్టుమని దర్జీతో చెప్పుడు. భుజములలో మెత్తలు తగ్గింపుమనుడు. చంకలయొద్దను, ఛాతీయొద్దను కొంచెము వదులుండవలెను. బిగుతుకోటులో గాలికి చోటుండదు. ఆఱవది రంగు. పగటియెండలో నలుపు వేడిని పీల్చును, లేతరంగు త్రోసివేయును. రాత్రివేళ పందిటిలో రంగు భేదము స్వల్పము. అచట నేతయే ప్రధానము.

ప్రాంతభేదమును గమనింపవలెను. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల గాలి పొడిగా ఉండును. చెమట వెంటనే ఆరును. అచట ఎండను అడ్డగించు పలుచని ఉన్నియైనను, నూలైనను సరిపోవును. సముద్రతీరమున గాలిలోనే తేమ ఉండుటచే చెమట ఆరదు. అచట అవిసెనారయో, సీర్సక్కరువంటి ముడుతల నూలుబట్టయో మేలు.

ఇంతకును బట్ట మాఱిన చాలునా? మర్యాద అను దానిని సైతము కొంత మార్చవలెను. 1975లో ఫిలిప్పీను దేశము అనాసనారతోను అట్టి పలుచని బట్టలతోను కుట్టు తమ పొడుగుచొక్కాయను జాతీయ వేషముగా ప్రకటించెను. కోటులేకయే అది కోటు గౌరవము పొందెను. 2005 వేసవిలో జపాను ప్రభుత్వము తన కార్యాలయములలో చల్లదనపు యంత్రములను 28 డిగ్రీలకు తగ్గకుండ ఉంచుమని చెప్పి, మెడపట్టీయు కోటును విడిచి రండని ఉద్యోగులను కోరెను. ప్రధానమంత్రియే ముందుగా విడిచెను. మన న్యాయవాదులకును సుప్రీము కోర్టు, హైకోర్టులలో తప్ప, తక్కిన న్యాయస్థానములలో వేసవియందు నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమము కలదు. న్యాయస్థానమే వేసవిని గుర్తించినప్పుడు, పెండ్లిపందిరి గుర్తింపరాదా?

మీ గ్రామములలో మాట చెల్లునది మీది. పిల్లవాడు సూటు కావలెనని ముచ్చటపడినచో కాదనకుడు; ముచ్చటలకు కాలము తక్కువ. కాని అంగడికి మీరే వెంటపోయి, బట్టను వెలుతురునకు పట్టి చూడుడు, ఊది చూడుడు. సభలో అరగంట గడచిన పిమ్మట, "కోటు విప్పుము, నాయనా" అని ముందుగా పలుకవలసినవారును మీరే. పెద్దలు ఆ మాట అననంతవఱకు కుఱ్ఱవాడు మర్యాదకు వెఱచి ఉడుకుచుండును. మూడు వందల యేండ్లకు పైగా మన బట్ట చల్లదనమును లోకమంతయు వెదకి కొనుక్కొన్నది. మన బిడ్డ మన పందిటిలో ఆ చల్లదనమునకు దూరము కారాదు.